ఫోమ్ కిరీటం, భుజకీర్తుల మీద రంగు పగలకుండా ఎలా వేయాలి

తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్ళకు మే నెల ఎండ గురించి ఒకరు చెప్పనక్కరలేదు. తాతయ్యగుంట గుడి దగ్గర వరుసలో నిలబడేసరికే నుదుటి చెమట కిరీటం అంచులోకి దిగుతుంది. ఒంటికి పూసుకున్న గంధమో కుంకుమో కరిగి భుజకీర్తుల మీద చారలు కడుతుంది. ఫోమ్‌తో చేసిన నగకు అసలు పరీక్ష అక్కడే.

ఏడేళ్ళ కిందట మా అక్క కొడుకు అమ్మవారి వేషం కడతానని మొక్కుకున్నాడు. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే షీటుతో వాడికి కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం చేసిచ్చాను. ఇనుప గేట్లకు వేసే బంగారు రంగును ఆ షీటు మీద నేరుగా పూశాను. ఇంట్లో చూస్తే ధగధగలాడింది. వీధి చివరికి చేరేలోపే వడ్డాణం మీద రంగు చేప పొలుసుల్లా లేచి రాలడం మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చి, "పిన్నీ, అమ్మవారి నగ అట్లా రాలిపోతుంటే నాకు మనసు నిలవలేదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. వేషం కట్టడం మొక్కు తీర్చుకోవడం. నగ రాలుతుంటే కట్టినవాడి ధ్యాస అమ్మవారి మీద ఎలా నిలుస్తుంది?

ఆ తర్వాత ఏటా జాతరకు, చిత్తూరు పక్క ఊళ్ళలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల్లో రాత్రిపూట ఆడే నాటకాలకు ఇవే చేసిస్తున్నాను. చేస్తూ చేస్తూ నాకు తెలిసింది ఇది: ఫోమ్ వంగుతుంది, సాగుతుంది. దాని మీద వేసే ప్రతి పొరా దాంతోపాటు వంగాలి, సాగాలి. కింద పొర మెత్తగా ఉండి పై పొర గట్టిగా ఉంటే, ఎంత ఖరీదైన రంగైనా పగులుతుంది.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ ఫోమో చూసుకోండి

మనకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఈవీఏ, అంటే ఇథిలీన్ వినైల్ అసిటేట్. చెప్పుల అడుగు షీట్లు, పిల్లలు ఆడుకునే నేల మ్యాట్లు, స్టేషనరీ అంగళ్ళలో అమ్మే రంగురంగుల క్రాఫ్ట్ షీట్లు ఎక్కువగా దీనితోనే చేస్తారు. ఇందులో గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి. రెండోది పరుపుల్లో, సోఫాల్లో వాడే స్పాంజి. దీని బుడగలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి.

ఏదో తెలియకపోతే ఒక నీటి చుక్క వేసి వేలితో నొక్కండి. లోపలికి ఇంకిపోతే స్పాంజి, పైనే నిలిస్తే ఈవీఏ. కిరీటానికి, భుజకీర్తులకు, వడ్డాణానికి ఈవీఏ మంచిది. కిరీటానికి 6 మిల్లీమీటర్ల మందం, భుజకీర్తుల అడుగుకు 10, పైన అతికే పువ్వులకు, లతలకు 2 లేదా 3 సరిపోతాయి. గద, రాక్షసుడి పొట్ట, కండలు తిరిగిన చేతులు లాంటివాటికి స్పాంజి వాడొచ్చు. దాని పద్ధతి వేరు, తర్వాత చెబుతాను.

ఈవీఏ నీళ్ళు పీల్చదు కదా, మరి సీలింగ్, అంటే రంగుకు ముందు ఫోమ్ గుంటలను మూసే పూత ఎందుకు అని చాలామంది అడుగుతారు. షీటును కోసినచోట, ఉప్పుకాగితంతో రుద్దినచోట మూసుకున్న బుడగలు తెగి నోళ్ళు తెరుచుకుంటాయి. ఆ చిన్న గుంటలు రంగును తాగేస్తాయి. అందుకే ఒకచోట మెరిసి మరోచోట మొద్దుబారి కనిపిస్తుంది. ఎన్ని పొరలు వేసినా అంచులు మాత్రం స్పాంజిలానే ఉంటాయి.

వేడి

రంగు పని వేడితోనే మొదలవుతుంది. దీనికి హీట్ గన్ కావాలి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వేడి చాలదు. కొవ్వొత్తి, గ్యాస్ పొయ్యి జోలికి అసలు వెళ్ళకండి. మంట తగిలితే ఫోమ్ అంటుకుంటుంది, కరిగిన చుక్క చర్మం మీద పడితే ఊడిరాదు.

ముక్కలన్నీ కోసి, అంచులను 220 నంబరు ఉప్పుకాగితంతో, ఆ తర్వాత 400తో రుద్దండి. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. దుమ్మంతా తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, హీట్ గన్‌ను జానెడు దూరంలో పట్టుకుని కదిలిస్తూ పోండి. ఒకేచోట నిలపకండి. మొద్దుగా ఉన్న షీటు మీద కొత్త అరటాకుకు ఉండేలాంటి నునుపు తేలుతుంది. అది కనబడగానే పక్కకు జరగండి. ఇంకా కాలిస్తే బుడగలు లేస్తాయి, షీటు ముడుచుకుంటుంది. పొగ వచ్చిందంటే ఆ ముక్క పాడైనట్టే, తీసి పక్కన పెట్టేయండి.

కిరీటం మీద లతలు, గీతలు కావాలంటే షీటు మందంలో సగం లోతుకు కట్టర్ బ్లేడుతో గీసి, ఆ గీత మీద వేడి గాలి కొట్టండి. గీత దానంతట అదే రెండు పక్కలకూ విచ్చుకుని చెక్కడంలా నిలుస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే. బ్లేడు మాత్రం కొత్తది వాడండి, మొండి బ్లేడు షీటును చింపుతుంది.

వంపులు కూడా ఇప్పుడే తేవాలి. వేడిగా ఉన్న వడ్డాణం పట్టీని నడుము చుట్టుకొలతకు దగ్గరగా ఉన్న బిందె చుట్టూ వంచి, చల్లారేదాకా పట్టుకోండి. అతుకులు వేడి పని అయ్యాకే పెట్టండి. ముందే అతికిస్తే వేడికి జిగురు మెత్తబడి అతుకు విడుతుంది.

అతకడానికి చెప్పులవాళ్ళు వాడే రబ్బరు జిగురే మేలు. రెండు పక్కలా పల్చగా పూసి, చేతికి అంటనంతగా ఆరాక కలిపి నొక్కండి. ఆ జిగురు ఆవిరి తలకెక్కుతుంది. మిద్దె మీదో, తలుపులు, కిటికీలు తీసిన వరండాలోనో చేయండి. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

సీలింగ్

ఏ ముక్క ఎంత వంగుతుందో చూసి సీలింగ్ ఎంచుకోవాలి. కిరీటం ఒకసారి తల మీద కూర్చుంటే పెద్దగా కదలదు. వడ్డాణం, చేతి వంకీలు, భుజకీర్తుల కింది అంచులు నడిచే ప్రతి అడుగుకూ వంగుతాయి. రెండింటికీ ఒకే పొర వేస్తే ఒకటి నిలిచి మరొకటి పగులుతుంది.

కిరీటం లాంటి కదలని ముక్కలకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. చౌక, వాసన లేదు, పిల్లలున్న ఇంట్లో కూడా చేసుకోవచ్చు. మొదటి పొరకు జిగురు ఎంతో నీళ్ళు అంత కలపండి. పల్చటి మజ్జిగలా ఉండాలి. అది అంచుల్లోని గుంటల్లోకి దిగుతుంది. రెండో పొర నుంచి రెండు పాళ్ళ జిగురుకు ఒక పాలు నీళ్ళు, అంటే గంజిలా ఉంటే చాలు. మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కుకు లాగండి. ఆరిన పొర మీద తర్వాతి పొరను అడ్డంగా లాగితే బ్రష్ గీతలు కనబడవు. మొత్తం నాలుగైదు పొరలు, అంచులకు ఇంకొకటి ఎక్కువ.

పొరకూ పొరకూ మధ్య ఎంత ఆగాలన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అరగంటకే ఆరిపోతుంది. కార్తీకంలో నాటకానికి చేస్తుంటే, మనకు నవంబరు వానలు కాబట్టి రెండు గంటలైనా పడుతుంది. తెల్లగా ఉన్న జిగురు పూర్తిగా పారదర్శకం కావాలి, తాకితే చల్లగా అనిపించకూడదు. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. ఆ తడి మీద తర్వాతి పొర వేస్తే పైన ఆరి కింద ఆరదు, తర్వాత ముడతలు పడుతుంది. ఎండలో పెట్టి తొందరగా ఆరబెట్టాలని చూడకండి. బుడగలు లేస్తాయి. నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి.

తెల్ల జిగురుకు రెండు లోపాలున్నాయి. ఆరాక కాస్త బిరుసెక్కుతుంది, నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది. జాతరలో నీళ్ళంటే చెమటే. అందుకే వంగే ముక్కలకు, ఒంటికి ఆనుకునే ముక్కలకు నేను మిద్దె మీద వాననీళ్ళు దిగకుండా వేసే సాగే కోటింగ్ వాడతాను. హార్డ్‌వేర్ అంగడిలో "రబ్బరులా సాగే ఆక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కావాలి" అని అడగండి. సిమెంటు కలిపేది వద్దు, అది పగులుతుంది. డబ్బా మీద రాసినంత మేరకే నీళ్ళు కలిపి రెండు మూడు పల్చటి పొరలు వేయండి, మధ్యలో కనీసం నాలుగు గంటలు ఆగండి. ఇది మందంగా ఉంటుంది కాబట్టి మీరు చెక్కిన సన్నటి గీతలు పూడిపోయే ప్రమాదం ఉంది. గీతల్లో నిలిచిన కోటింగ్‌ను తడి బ్రష్ కొనతో వెంటనే తీసేయండి. ఆరాక కూడా కాస్త జిగటగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. భయపడకండి, పైన రంగు పడితే ఆ జిగట పోతుంది.

కార్ల చక్రాలకు కొట్టే రబ్బరు స్ప్రే కూడా దీనికి చక్కగా పనికొస్తుంది, నునుపు దానికే ఎక్కువ వస్తుంది. ఖరీదు ఎక్కువ, ఆవిరి ఘాటు ఎక్కువ. ఆరుబయటే కొట్టాలి. నగ మీద ఎక్కడైనా థర్మాకోల్ ముక్క అతికించి ఉంటే మాత్రం స్ప్రే వద్దు, రబ్బరు జిగురూ వద్దు. వాటిలోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది.

వంగే ముక్కలను పరిచి పెట్టి పూయకండి. వడ్డాణాన్ని పరిచి రంగు వేసి తర్వాత నడుముకు చుడితే, పై పొర మొత్తం ఒక్కసారిగా సాగాలి. అందుకని దాన్ని బిందె చుట్టూ కట్టి, కింద బటర్ పేపర్ పెట్టి, వేసుకునే వంపులోనే పూయండి. అలా చేస్తే చుట్టేటప్పుడు సాగేది ఉండదు, విప్పేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది అంతే. నా వడ్డాణాలు పగలడం ఆగింది ఈ ఒక్క మార్పుతోనే.

స్పాంజి అయితే

పరుపు స్పాంజికి తెల్ల జిగురు పోస్తే తాగుతూనే ఉంటుంది, చివరికి రాయిలా బిగుసుకుంటుంది. దానికి రబ్బరు పాలు, అంటే లేటెక్స్ కావాలి. బ్రష్‌తో కాకుండా చిన్న స్పాంజి ముక్కతో అద్దుతూ పోండి. మొదటి పొర బుడగలను మూస్తుంది, మూడు నాలుగు పొరలకు చర్మంలా తయారవుతుంది. తెల్లటి పాలు ఆరేకొద్దీ లేత పసుపుకు తిరుగుతాయి. చివరి పొర ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి, లేదంటే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రబ్బరు పాలలో అమ్మోనియా కలిపి ఉంటుంది, గాలి ఆడేచోటే పని చేయండి. కొందరి ఒంటికి రబ్బరు పడదు. వేషం కట్టేవారి మోచేతి లోపలి వైపు ఆరిన ముక్కను ఆనించి ఒక పూట చూడండి.

రబ్బరు పాలు పూసినదాని మీద అంగళ్ళలో అమ్మే బంగారు పొడి వేయకండి. ఆ పొడి చాలావరకు రాగి, జింకు కలిసిన ఇత్తడి. రాగి రబ్బరుకు విషం లాంటిది. ఒకసారి గద మీద ఆ పొడి అద్దాను. చూడటానికి ఎంతో బాగుంది. మరుసటి ఏడాది అటక మీది నుంచి దించితే పైపొర నల్లబడి, బెల్లప్పాకంలా చేతికి అంటుకుంది. బంగారు మెరుపు కావాలంటే ఆక్రిలిక్ బంగారు రంగు తీసుకోండి. వాటిలో మెరుపు సాధారణంగా అభ్రకం పొడి వల్ల వస్తుంది, రబ్బరుకు హాని చేయదు. అయినా కొత్త రంగు కొన్నప్పుడు చిన్న ముక్క మీద వేసి చూసుకోవడం మంచిది.

పరీక్ష పట్టీ

రంగుకు ముందు ఒక్క పని చేయండి. మిగిలిన షీటులోంచి జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కోసి, దానికి కూడా మీ నగకు చేసినవన్నీ అదే వరుసలో చేయండి. వేడి, సీలింగ్, రంగు, పై పొర. రెండు రోజులు ఆరాక వేలి చుట్టూ చుట్టి ఇరవై సార్లు విప్పండి. తర్వాత కొబ్బరినూనె, పసుపు, ఉప్పు నీళ్ళు రాసి గంట ఉంచి తుడవండి. పగుళ్ళు రాకుండా, రంగు అంటకుండా ఉంటేనే నగ మీద చేయి వేయండి. పరీక్షలో పసుపు మరక నిలిచిపోయిందంటే పై పొర చాల్లేదని అర్థం.

రంగు

బట్ట మీద కూడా వేయొచ్చని రాసి ఉన్న ఆక్రిలిక్ రంగులే కొనండి. ఉతికే గుడ్డ మీద నిలిచే రంగు వంగే ఫోమ్ మీద కూడా నిలుస్తుంది. ఇనుముకు, చెక్కకు వేసే ఎనామిల్ కొన్నాళ్ళకు గట్టిపడి పగులుతుంది. నా మొదటి వడ్డాణం కథ మీకు చెప్పాను కదా.

బంగారు రంగును నేరుగా తెల్ల సీలింగ్ మీద వేస్తే పసుపుపచ్చగా, ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. ఆ రంగు కాస్త పారదర్శకం, కింద ఏముంటే అది పైకి తెలుస్తుంది. అందుకని ముందు కావిరంగు వేయండి. ఎరుపు, గోధుమ కలిసిన ఆ రంగు మీద బంగారం వెచ్చగా, పాత గుడి నగలా వస్తుంది. చెక్క మీద బంగారు రేకు అతికేవాళ్ళు కింద ఎర్రమట్టి పూత వేసేదీ కొంతవరకు ఇందుకే. వెండి కావాలంటే కింద నలుపు వేయండి.

కావి రెండు పొరలు, దాని మీద బంగారం మూడు పల్చటి పొరలు. మందంగా ఒకటే వేయాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. మందమైన పొర పైన ఆరి లోపల తడిగా ఉండిపోతుంది, అదే మొదట పగులుతుంది. బంగారం ఆరాక ముదురు గోధుమ రంగును నీళ్ళలా పల్చన చేసి చెక్కిన గీతల్లోకి వదలండి. రెండు నిమిషాలాగి పైభాగాన్ని తడి గుడ్డతో తుడిచేయండి. గీతల్లో నీడ నిలిచి లత ఉబ్బెత్తుగా కనబడుతుంది. చివరగా లేత బంగారం రంగులో బ్రష్ ముంచి, పాత గుడ్డకు దాదాపు అంతా తుడిచి, మిగిలిన తడితో ఎత్తుగా ఉన్నచోట్ల తేలిగ్గా రుద్దండి. రాత్రి పెట్రోమాక్స్ వెలుగైనా ఫోకస్ లైటైనా ముందు పట్టుకునేది ఆ అంచులనే.

నాటకానికి చేస్తుంటే ఎరుపు, ఆకుపచ్చ రాళ్ళు, అద్దాలు, చమ్కీలు తప్పకుండా పెట్టండి. వాటిని సెకన్లలో పట్టే జిగురుతో అతికించకండి. అది ఆరాక గాజులా పెళుసవుతుంది, చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ కూడా వదులుతుంది. గుడ్డలకు రాళ్ళు అతికే మెత్తటి జిగురు వాడండి.

పై పొర, ఆరడం

రంగును చెమట నుంచి కాపాడేది చివరి పారదర్శక పొర. నీళ్ళలో కలిసే, మెరిసే రకం ఆక్రిలిక్ వార్నిష్ రెండు పల్చటి పొరలు వేయండి. మెరుపు లేని రకం బంగారాన్ని చంపేస్తుంది. వంగే ముక్కలకు కొంటే డబ్బా మీద సాగుతుందని రాసి ఉందో లేదో చూడండి. ఫర్నిచర్‌కు కొట్టే లక్కర్ పాలిష్ వద్దు.

ఆ తర్వాత కనీసం మూడు రోజులు ముట్టుకోకండి. తాకితే ఆరినట్టే ఉంటుంది, లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. అందుకే జాతర చాటింపుకు పది రోజుల ముందే పని మొదలుపెట్టమని నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతాను. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి. వేడికి అతుక్కుని, తీసేటప్పుడు రంగు కవరుతోపాటు వచ్చేస్తుంది. మధ్యలో బటర్ పేపర్ పెట్టండి. నగను ఎండలో ఆపిన కారులో వదలొద్దు, ఫోమ్ మెత్తబడి వంపు మారిపోతుంది.

కట్టుకునే రోజు

కిరీటం లోపలి వైపు రంగు వేయకండి. నుదుటికి ఆనేచోట మెత్తటి నూలు గుడ్డ పట్టీ అతికించండి, చెమట పీల్చుకుంటుంది, చర్మం ఒరుసుకోదు. కిరీటం వెనక, జుట్టు దాచేచోట నాలుగైదు చిల్లులు పెడితే తలకు గాలి ఆడుతుంది. ఒంటికి పూసుకునేది పూర్తిగా ఆరాకే భుజకీర్తులు కట్టండి.

నిప్పు విషయంలో మాత్రం దయచేసి నా మాట వినండి. ఇక్కడ చెప్పిన ఏ సీలింగూ ఫోమ్‌ను నిప్పుకు తట్టుకునేలా చేయదు. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు కిరీటం ముందుకు వంగుతుంది, కర్పూరం మంట దానికి జానెడు దూరంలోనే ఉంటుంది. హారతి పళ్ళెం పట్టుకున్నవారికి ముందే చెప్పి, వేషం కట్టినవారు కాస్త వెనక్కి నిలబడి చేతులు మాత్రమే చాపేలా చూడండి. టపాకాయలు కాల్చేచోటికి వెళ్ళనివ్వకండి. కట్లన్నీ ఒక్క లాగుకు ఊడిపోయేలా జారుముడి వేయండి.

వెంట వెళ్ళే ఒకరి సంచిలో చిన్న సీసాలో అదే బంగారు రంగు, ఒక సన్న బ్రష్, కొంచెం రబ్బరు జిగురు, గుడ్డ ముక్క ఉంచండి. ఎక్కడైనా తగిలి అంచు చెక్కుకుపోతే రోడ్డు పక్కన నీడలో ఐదు నిమిషాల్లో సరిచేయొచ్చు.

ఇంటికొచ్చాక ఆ రాత్రే తడి గుడ్డతో చెమట, పసుపు, కుంకుమ తుడిచేసి, నీడలో ఆరబెట్టండి. వడ్డాణాన్ని మళ్ళీ బిందె వంపులోనే చుట్టి దాచండి. మా అక్క కొడుక్కి ఆ తర్వాతి ఏడాది చేసిచ్చిన వడ్డాణం ఇప్పటికి ఐదు జాతరలు చూసింది. కొక్కెం దగ్గర రెండు వేళ్ళంత మేర రంగు మళ్ళీ వేశాను, మిగతాదంతా మొదట వేసినదే.